అటు పోతే గుర్తు మారుతుంది

వల్లూరులో మా అక్కవాళ్ల ఇంటి ముందు అరుగుకు నల్లటి కడప బండలు పరిచారు. సుద్దముక్క ఒకటి దొరికితే చాలు, అంతకు మించిన పలక ఉండదు. పదో తరగతి చదివే మా అల్లుడు బడి నుంచి రాగానే దాని మీద బోర్లా పడుకుని హోంవర్కు చేస్తాడు. నోటుబుక్కులోకి ఎక్కేముందు ప్రతి లెక్కా ఆ బండ మీద నలగాల్సిందే. ఒకరోజు ఇలా రాశాడు:

5యా − 8 = 2యా + 13

(పాఠ్యపుస్తకంలో ‘యా’ ఉన్నచోట ఎక్స్ ఉంటుంది. నేను యా అని ఎందుకంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.) దాని కింద:

5యా − 2యా = 13 + 8
3యా = 21
యా = 7

జవాబు సరైనదే. ఊరుకోవచ్చు. కానీ నోరు ఊరుకోదు కదా. “ఇటుపక్క ఎనిమిదికి మైనస్ ఉండె గదరా, అటుపక్క ప్లస్ ఎట్లయ్యె?” అన్నాను.

“అటు పోతే గుర్తు మారతాది మామా.”

“ఎందుకు మారతాది?”

వాడు నావైపు జాలిగా చూశాడు. “మారతాది అంతే.”

నేనూ ఆ ఒక్క వాక్యంతోనే పది పాసైనవాణ్ణి. పక్షాంతరం అని దానికో గంభీరమైన పేరు కూడా ఉంది. ప్లస్ అటు పోతే మైనస్, మైనస్ అటు పోతే ప్లస్, గుణకారం అటు పోతే భాగహారం. మంత్రం పనిచేస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. అది పనిచేయని చోట పిల్లవాడి దగ్గర మంత్రం తప్ప ఇంకేమీ ఉండదు, చిక్కు అక్కడుంది. నిజానికి ఆ ఎనిమిది ఎక్కడికీ పోలేదు. సమానం గుర్తు దాటి నడిచిన అంకె ఈ లోకంలో ఒక్కటీ లేదు. జరిగిందల్లా రెండు వైపులా ఎనిమిది కలపడమే. ఎడమవైపు −8కి 8 కలిస్తే సున్నా అయింది, అందుకని మాయమైనట్టు కనిపించింది. కుడివైపు 13కు 8 కలిస్తే 21 అయింది, అందుకని అక్కడ ప్రత్యక్షమైనట్టు కనిపించింది. మధ్యలో రాయాల్సిన ఒక వరసను రాయకుండా మింగేశాం.

ఆ మింగేసిన వరస పేరే అల్‌జీబ్రా. 9వ శతాబ్దం తొలి భాగంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు సమీకరణాల మీద ఒక పుస్తకం రాశాడు. దాని పేరులో రెండు మాటలున్నాయి: అల్ జబ్ర్, అల్ ముకాబలా. జబ్ర్ అంటే విరిగినదాన్ని అతకడం. స్పెయిన్‌లో చాలాకాలం ఎముకలు కట్టేవాణ్ణి కూడా ఇదే మాటతో పిలిచేవారు. మన భాషలో చెప్పాలంటే అల్‌జీబ్రా అంటే పుత్తూరు కట్టు. ‘5యా − 8’లో 5యా విరిగి ఉంది, ఎనిమిది ముక్క ఊడిపోయింది. ఆ ఎనిమిదిని తిరిగి అతికి, అన్యాయం జరగకుండా అవతలివైపూ అంతే ఇవ్వాలి: 5యా = 2యా + 21. ఇది జబ్ర్. ఇప్పుడు రెండు పక్కలా యాలు ఉన్నాయి, ఎదురెదురుగా పెట్టి సమానంగా కొట్టేయాలి. రెండు తీసేస్తే 3యా = 21. ఇది ముకాబలా. మా అల్లుడు బండ మీద ఒక్క వరసలో చేసిన పనిని ఆయన రెండు పనులుగా విడదీసి, రెంటికీ పేర్లు పెట్టాడు. ఆయన పుస్తకంలో ఎక్స్ లేదు, ప్లస్ లేదు, సమానం గుర్తూ లేదు. అంతా మాటల్లోనే.

గుర్తుల విషయంలో మనవాళ్లు కొంచెం ముందున్నారు. సంస్కృత బీజగణితంలో తెలియని రాశికి ‘యావత్ తావత్’ అని పేరు. ఎంతో అంత అని అర్థం. లెక్క చేసేటప్పుడు పొడి అక్షరం ‘యా’ మాత్రం రాసేవాళ్లు. తెలియనివి ఇంకా ఉంటే రంగుల పేర్లు పెట్టేవాళ్లు: కాలక, నీలక, పీతక. అంటే కా, నీ, పీ. తెలిసిన అంకెకు ‘రూ’. మన పిల్లలకు ఎక్స్, వై నేర్పడంలో నాకు అభ్యంతరమేమీ లేదు, ప్రపంచమంతా అదే రాస్తుంది. కానీ ‘ఎంతో అంత’ అన్న మాటలో ఉన్న అర్థం ఎక్స్‌లో లేదు. ఎక్స్ అనగానే అదేదో పరాయి వస్తువనుకుని బెదిరే పిల్లలు, ‘ఎంతో కొంత ఉందనుకో’ అంటే వెంటనే లెక్కలోకి దిగుతారు.

అల్ ఖ్వారిజ్మీ ఉన్న శతాబ్దంలోనే మన పొరుగున, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’ రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లన కాలం 11వ శతాబ్దమని ఎక్కువమంది చెప్పే మాట. ఏ కాలమైనా, లెక్కలను తెలుగులో చెప్పడానికి తొలినాళ్లలోనే ఒక కవి పూనుకున్నాడన్నది మాత్రం గట్టి సంగతి. మూలంలోని జైన ఉదాహరణలను అతను చాలాచోట్ల శైవానికి మార్చుకున్నాడు. లెక్క మారలేదు, గుడి మారింది.

మహావీరుడి పుస్తకంలో బంగారం లెక్కలకు ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. అది గుర్తొచ్చే నేను మా అల్లుణ్ణి ప్రొద్దుటూరు బంగారం అంగళ్ల లెక్కలోకి దింపాను. వల్లూరు నుంచి ప్రొద్దుటూరు దూరమేమీ కాదు. ఆ ఊళ్లో బంగారు అంగళ్ల వీధి ఎంత పేరుపడిందో కడప జిల్లాలో వేరే చెప్పక్కర్లేదు.

లెక్క ఇది. 18 క్యారెట్ల పాత గొలుసు 24 గ్రాములుంది. దాన్ని కరిగించి, 24 క్యారెట్ల మేలిమి కలిపి, 22 క్యారెట్ల బంగారం చేయాలి. మేలిమి ఎన్ని గ్రాములు కావాలి?

ముందు క్యారెట్ అంటే ఏమిటో తేల్చుకోవాలి. మొత్తాన్ని 24 భాగాలు చేస్తే అందులో బంగారం ఎన్ని భాగాలో చెప్పే అంకె అది. నగల మీద కనిపించే 916 కూడా ఇదే, వేరే వేషంలో. 22ను 24తో భాగిస్తే 0.9166 వస్తుంది. పాత లెక్కలో 24కు బదులు 16 ఉండేది. దాన్ని వర్ణం అన్నారు, అదే తెలుగులో వన్నె. పదహారు వన్నెల బంగారం అంటే కవి వర్ణన కాదు, నూటికి నూరు పాళ్లు శుద్ధమని కంసాలి ఇచ్చే సర్టిఫికెట్. మన 18 క్యారెట్ల గొలుసు ఆ లెక్కన పన్నెండు వన్నెలది.

కరిగించినా, కలిపినా మారనిది ఒకటుంది. పాత గొలుసులో ఉన్న అసలు బంగారం, మేలిమిలో ఉన్న అసలు బంగారం కలిస్తే కొత్త ముద్దలో ఉన్న అసలు బంగారమే. సమీకరణం రాయడమంటే ఈ మారనిదాన్ని పట్టుకోవడం. మిగతాదంతా కూలిపని. మేలిమి యా గ్రాములనుకుంటే:

18 × 24 + 24 × యా = 22 × (24 + యా)

అల్లుడు ఇక్కడిదాకా బాగానే వచ్చాడు. తర్వాతి వరస ఇలా రాశాడు:

432 + 24యా = 528 + యా

అక్కణ్ణుంచి 23యా = 96, యా అంటే 4.17 గ్రాములు. ఘనంగా కింద రెండు గీతలు కొట్టాడు.

నేను తప్పని చెప్పలేదు. “కంసాలి దగ్గరికి పోదాం పా” అన్నాను. అంటే జవాబును తీసుకుపోయి మళ్లీ మొదటి లెక్కలో పోయడం. 24 గ్రాముల పాతదీ 4.17 గ్రాముల మేలిమీ కలిస్తే బరువు 28.17. అసలు బంగారం భాగాలు 432 + 100, సుమారు 532. భాగిస్తే 18.9 క్యారెట్లు. మనకు కావాల్సింది 22. గీటురాయి మీదే దొరికిపోయింది.

“ఇరవై రెండు ఎవురికి రావాల?” అని అడిగాను. వాడు కాసేపు బండ వైపు చూశాడు. “ముద్ద మొత్తానికి” అన్నాడు. అనగానే వాడి చెయ్యే ముందుకుపోయి యా ముందర 22 చేర్చింది.

432 + 24యా = 528 + 22యా
2యా = 96
యా = 48

వాడికి నమ్మబుద్ధి కాలేదు. 24 గ్రాముల గొలుసు బాగుచేయడానికి 48 గ్రాముల మేలిమా! నమ్మకపోవడమే మంచిది, ఎందుకంటే ఇక్కడ ఇంకో దారిలో సరిచూడొచ్చు. 22 అనేది 24కు రెండు మెట్లు కింద, 18కి నాలుగు మెట్లు పైన ఉంది. పాతది ప్రతి గ్రాముకూ నాలుగు మెట్లు కిందికి లాగుతుంది, మేలిమి రెండే మెట్లు పైకి లాగుతుంది. సరిపోవాలంటే మేలిమి రెట్టింపు ఉండాల్సిందే. యా లేకుండా, బ్రాకెట్ లేకుండా నోటితోనే తేలిపోయింది. ఇంత తేలిగ్గా నోటితో అయ్యేదానికి సమీకరణం ఎందుకని వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మూడు రకాల పాత నగలు తెచ్చి పోయమంటే నోరు ఆగిపోతుంది, సమీకరణం ఆగదు.

ఆ బ్రాకెట్ తప్పును గురించి కొంచెం ఆగాలి, ఎందుకంటే అది ఒక్క తప్పు కాదు, ఒక వంశం. 22 × (24 + యా)లో 22ను మొదటివాడికి మాత్రమే ఇచ్చి రెండోవాణ్ణి వదిలేయడం ఒక కొస. పంచకూడని చోట పంచడం ఇంకో కొస. (అ + ఆ)²ను అ² + ఆ²గా విడగొట్టేస్తారు. (2 + 3)ను వర్గం చేస్తే 25, విడగొడితే 13. అదే పిల్లవాడు తర్వాతి సంవత్సరం సైన్(30° + 60°) అంటే సైన్ 30° + సైన్ 60° అని రాస్తాడు. 0.5, 0.866 కలిపితే 1.366. అసలు సైన్ విలువ ఒకటి దాటదు, సైన్ 90° సరిగ్గా ఒకటి. బ్రాకెట్ కనిపిస్తే చాలు, సంతర్పణలో విస్తర్లకు వడ్డించినట్టు బయటున్నదాన్ని లోపలున్నవాళ్లందరికీ వడ్డించేస్తారు. గుణకారానికి ఆ వడ్డన చెల్లుతుంది. వర్గానికీ, వర్గమూలానికీ, సైనుకూ చెల్లదు. అనుమానం వస్తే చిన్న అంకెలు వేసి చూసుకోవాలి. పది సెకన్ల పని.

వెనక్కి నడవలేని మెట్లు కూడా కొన్నున్నాయి. √(యా + 6) = యా అన్న లెక్కలో రెండు పక్కలా వర్గం చేస్తాం. యా + 6 = యా² అవుతుంది, జవాబులు 3, −2 వస్తాయి. −2 వేసి చూడండి: ఎడమవైపు √4, అంటే 2. కుడివైపు −2. అబద్ధం. వర్గం చేసినప్పుడు 2, −2 రెండూ 4గా కలిసిపోయాయి, ఆ సందులో దొంగ జవాబు దూరింది. దీనికి ఎదురుది యా² = 5యా. రెండు పక్కలా యాతో కొట్టేస్తే 5 ఒక్కటే మిగులుతుంది. కానీ సున్నా కూడా జవాబే. సున్నా కావడానికి వీలున్న దానితో భాగించి, ఆ సున్నానే పోగొట్టుకున్నాం. మొదటి లెక్కలో లేని చుట్టం వచ్చాడు, రెండో లెక్కలో ఇంటివాడే తప్పిపోయాడు.

త్రికోణమితి కోసం గండికోటకు పోయాం. జమ్మలమడుగు దగ్గర ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా పారే ఆ గండిని చూడ్డానికి ఇప్పుడు బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ జనం వస్తారు. సెల్ఫీలు దిగి పోతారు. మేం జామెట్రీ బాక్సులోని కోణమానిని, కూల్‌డ్రింకు స్ట్రా, దారానికి కట్టిన ఇనుప నట్టు, 20 మీటర్ల తాడు తీసుకుపోయాం. జనం మమ్మల్నీ చూశారు.

అవతలి గట్టుకు పోకుండా గండి వెడల్పు చెప్పాలి. అంచుకు ఇవతల భద్రంగా ఒకచోట నిలబడి, అవతలి అంచున ఎదురుగా ఉన్న ఒక రాయిని గుర్తుపెట్టుకున్నాం. అక్కణ్ణుంచి గట్టు వెంబడి తాడు ఐదుసార్లు వేస్తూ 100 మీటర్లు నడిచాం. బండల మీద తాడును తిన్నగా పట్టడానికే సగం పొద్దు పోయింది. అక్కడ ఆగి, మేం నడిచిన దారికీ ఆ రాయికీ మధ్య కోణం కొలిచాం. మొదటిసారి 58 వచ్చింది, రెండోసారి 62. సరే, 60 అనుకుందాం అన్నాను. ఇక్కణ్ణుంచి అంకెలు లెక్క కోసం అనుకున్నవే, గండికోట కొలతలని ఎవరూ రాసుకోవద్దు.

టాన్ 60° = వెడల్పు ÷ 100

టాన్ 60° అంటే √3 అని వాడు గడగడా చెప్పాడు. ఎందుకంటే చెప్పలేదు. ఆ పట్టికను బట్టీ పట్టనక్కర్లేదు. భుజం 2గా సమబాహు త్రిభుజం గీసి, నిలువునా సగానికి కోస్తే అంతా అందులోనే ఉంది. అడుగు 1, వాలు 2, నిలువు √3. 60 డిగ్రీల మూల దగ్గర నిలబడి చూస్తే ఎదుటిది √3, పక్కది 1. 30 దగ్గర నిలబడితే తలకిందులు. కాబట్టి వెడల్పు 100√3, అంటే 173 మీటర్లు.

వాడి ఫోనులోని క్యాలిక్యులేటర్ మాత్రం 32 మీటర్లంది. టాన్ 60 కొడితే 0.32 చూపింది. అది 60ని డిగ్రీలుగా కాక రేడియన్లుగా తీసుకుంది. అదృష్టం బాగుండి జవాబు కంటికి ఆనలేదు కాబట్టి దొరికింది. ఎదురుగా గండి అంత వెడల్పుగా కనిపిస్తుంటే 32 మీటర్లని ఎవరు నమ్ముతారు? పరీక్ష హాల్లో ఎదురుగా గండి ఉండదు.

ఇక లోతు. మొదట నిలబడ్డ చోటికే వచ్చి, అవతలి గోడ అడుగున నీటి పక్కనున్న రాయిని స్ట్రాలోంచి చూశాం. నట్టు దారం చెప్పిన నిమ్నకోణం 30° అనుకుందాం. లోతు = 100√3 × టాన్ 30° = 100√3 ÷ √3 = 100. √3 దానంతటదే కొట్టుకుపోయింది. 328 అడుగులు. గండి లోతు సుమారు 300 అడుగులని చెప్పే మాటకు దూరంగా ఏమీ లేదు. అదే తొందరపడి ముందే 173.2 × 0.577 అని వేసినవాడికి 99.94 వస్తుంది. తప్పు కాదు గానీ, లెక్కలో ఉన్న అందం ఆ పాయింటు తర్వాతి అంకెల్లో కరిగిపోతుంది. √3ను చివరిదాకా √3గానే ఉంచమని చెప్పడం నా చాదస్తం.

సైన్ అన్న మాటకు ఒక కథ ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. 499 ప్రాంతంలో ఆర్యభటుడు దీన్ని అర్ధజ్య అన్నాడు. వృత్తపు చాపం విల్లయితే, దాని రెండు కొసలు కలిపే గీత అల్లెతాడు, అంటే జ్య. అందులో సగం మనకు కావాల్సింది. జ్యకే జీవ అని మరో పేరు. అరబ్బులు దాన్ని జీబ అని పలికి, పొట్టి అచ్చులు రాయని తమ లిపిలో రాసుకున్నారు. తర్వాత చదివినవాళ్లకు అది జైబ్‌గా కనిపించింది. జైబ్ అంటే చొక్కా ఎదపై మడత. దాన్నే 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి సైనస్ అని మార్చారు, అది సైన్ అయింది. ఆ జైబే పారసీ, ఉర్దూల మీదుగా మనకు జేబు అయింది. మా అల్లుడు గండికోట అంచున చొక్కా జేబులో సుద్దముక్క వేసుకుని తిరుగుతున్నాడు, అది సైన్‌లోనే ఉందని వాడికి అప్పటికి తెలియదు.

గండి దగ్గర మేం చేసిన పనినే పెద్ద ఎత్తున చేసినవాడు సర్వేయరు విలియం లాంబ్టన్. 1800లో నిజాం కడప సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక ఇది దత్తమండలమైంది. 1802 ఏప్రిల్ 10న లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో ఏడున్నర మైళ్లు, 57 రోజులు. ఆ ఒక్క భుజం కొలిచాక మిగతావన్నీ కోణాలే. కొండ మీంచి కొండకు, త్రిభుజం పక్కన త్రిభుజం. మధ్యలో తప్పు పేరుకుందేమో చూసుకోవడానికి అక్కడక్కడా మళ్లీ నేల మీద గొలుసు వేసేవాడు. 1811లో అలా వేసిన చోటు మన పొరుగు గుత్తి. కంసాలి దగ్గరికి పోవడమంటే ఇదే.

ఆయన థియొడొలైటు అర టన్ను బరువుండేది. అంత బరువెందుకో మా 58, 62 చెబుతున్నాయి. 60 బదులు 61 వస్తే మా గండి 173 నుంచి 180 మీటర్లకు పెరిగిపోతుంది. ఒక్క డిగ్రీకి ఏడు మీటర్లు. కోణం 85 దగ్గరుంటే మరీ ఘోరం. 100 మీటర్ల మీద టాన్ 85° 1143 మీటర్లు చూపితే టాన్ 86° 1430 చూపుతుంది. అందుకే సర్వేవాళ్లు సన్నటి త్రిభుజాలను దగ్గరికి రానివ్వరు.

పొద్దు వాలుతుంటే ఎదుటి గోడ ఎర్రబడింది. అల్లుడు నోటుబుక్కులో బొమ్మ గీస్తూ ఆగాడు. అవతలి గోడను నిలువు గీతగా గీశాడు, తలెత్తి చూశాడు, మళ్లీ బొమ్మ చూశాడు.

“మామా, ఆ గోడ నిలువుగా లేదు గదా?”

లేదు. పైన వెనక్కి వాలి, కింద మెట్లు మెట్లుగా ముందుకొచ్చి ఉంది. మేం వెడల్పు కొలిచింది పై అంచున ఉన్న రాయికి. నిమ్నకోణం కొలిచింది నీటి పక్క రాయికి. రెండూ ఒకే నిలువులో ఉన్నాయని నేనే అనుకున్నాను, పుస్తకంలో ఎప్పుడూ అట్లే ఉంటాయి కాబట్టి. లోతు కావాలంటే కింది రాయి ఎంత దూరానుందో కూడా విడిగా కొలవాలి. మొదటి చోటి నుంచి ఒక కోణం, 100 మీటర్ల అవతల నుంచి ఒక కోణం, ఈసారి కింది రాయికే గురిపెట్టి.

వాడు 100 మీటర్ల జవాబు కింద గీసిన రెండు గీతలనూ రబ్బరుతో తుడిచాడు. నేను తాడు విప్పడం మొదలుపెట్టాను.